వినేవాని బాధ్యత: ముషాయిరా, కవి సమ్మేళనాలపై ఒక పరిశీలన

కవి తన కవితను పదిమంది ఎదుట నిలబడి చదవడం సాహిత్యంలో ఒక ఉపకార్యమని, అసలు కార్యం కాగితం మీద ముందే జరిగిపోయిందని మనలో చాలామంది భావిస్తుంటారు. విమర్శకులు గ్రంథాలను సమీక్షిస్తారు. ముద్రిత ప్రతిని ఎదుట పెట్టుకొని గుణదోషాలు నిర్ణయిస్తారు. సభలో జరిగిన పఠనం గురించి మాత్రం మర్నాటి పత్రికలో రెండు వాక్యాలు కనిపిస్తాయి: ఫలానావారు చదివారు, సభికులు హర్షధ్వానాలు చేశారు. సభికులు ఏమి విన్నారు, ఎందుకు హర్షించారు, హర్షించవలసిన చోటనే హర్షించారా అన్న ప్రశ్నలు ఎవరూ వేయరు. వినికిడి ఆధారంగానే తన సాహిత్య సంస్కారాన్ని తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చిన ముస్లిం సమాజానికి ఈ ప్రశ్నలు అప్రధానమైనవి కావు.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్క మాట. వేదిక మీద కవి చదివేటప్పుడు కవితో పాటు వినేవాడు కూడా పరీక్షకు నిలుస్తాడు. శ్రోత సమర్థుడైతే కవిత పెరుగుతుంది. శ్రోత అసమర్థుడైతే మంచి కవిత కూడా అతని చెవి దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతుంది. తెలుగు చదువుకున్న ముస్లింలు నేడు ఏ రకం శ్రోతలుగా ఉన్నారన్నది మనం నిజాయితీతో ఆలోచించుకోవలసిన విషయం.

బాన్సువాడ వంటి ఊళ్ళు

ఈ చర్చకు హైదరాబాదు నగరం కంటె బాన్సువాడ వంటి పట్టణం మంచి ఉదాహరణ. 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను, ఆ తరువాత కామారెడ్డి జిల్లాలోను ఉన్న ఈ పట్టణం మంజీర పరీవాహక ప్రాంతంలోనిది. 1923, 1931 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ జలాశయం దీనికి సమీపంలోనే ఉంది. ఒకవైపు బోధన్, మరొకవైపు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులను తాకే మద్నూరు, జుక్కల్ ప్రాంతాలు. బజారులో తెలుగు, ఇంటిలో దక్కనీ ఉర్దూ, సంతరోజున మరాఠీ, కన్నడ మాటలు కూడా వినిపించే నేల ఇది.

ఇటువంటి ఊళ్ళలో పెరిగే ముస్లిం యువకునికి రెండు చెవులున్నాయని చెప్పవచ్చు. ఇంటిలో అమ్మీజాన్ మాట్లాడే ఉర్దూ ఒక చెవిలో, బడిలో చదువుకున్న తెలుగు పద్యం మరొక చెవిలో పడుతుంది. కాని తరచి చూస్తే రెండు చెవులూ సగం సగమే పనిచేస్తున్నాయి. ఉర్దూ మాట్లాడతాడు గాని ఉర్దూ లిపి చదవలేడు. ముషాయిరాకు వెళ్ళి ఫారసీ సమాసాలు నిండిన షేర్‌కు చుట్టూ ఉన్నవారితో పాటు ‘వాహ్ వా’ అంటాడు; అర్థం అడిగితే చెప్పలేడు. తెలుగు చదవగలడు, రాయగలడు. కాని తెలుగు కవి సమ్మేళనం తనది కాదన్నట్లు దూరంగా ఉంటాడు.

ఒకప్పుడు ఈ నేలలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉండేది. హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలోనే సాగింది. తెలుగు ఇళ్ళల్లో పుట్టిన హిందూ విద్యార్థులు గాలిబ్‌ను, ఇక్బాల్‌ను మూలంలోనే చదువుకున్నారు. తమ భాషకు తగిన స్థానం లేదన్న ఆవేదన వారిలో ఉండేది, అది న్యాయమైనదే. అయినా వారికి రెండు సాహిత్యాలను వినే శక్తి అలవడింది. 1956 తరువాత తెలుగు రాష్ట్రభాష అయింది. 2017లో తెలంగాణలో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా ప్రకటించారు. చట్టం భాషకు హోదా ఇవ్వగలదు గాని చెవిని తయారుచేయలేదు. నాటి తెలుగు విద్యార్థి అవసరం కొద్దీ సంపాదించిన రెండు చెవుల సంస్కారాన్ని నేటి తెలుగు ముస్లిం విద్యార్థి పుట్టుకతో పొందీ పోగొట్టుకుంటున్నాడు.

ఉకాజ్ నుంచి మదీనా దాకా

సాహిత్యోత్సవంలో కవితాపఠనం అనగానే అది ఆధునిక నగరాల వేడుక అనుకుంటాం. అరబ్బుల చరిత్ర ఎరిగినవారికి ఉకాజ్ సంత గుర్తుకు రాకమానదు. ఇస్లాంకు పూర్వం తాయిఫ్ సమీపంలో ఏటా జరిగే ఈ సంతలో తోళ్ళు, ఆయుధాలు, ఒంటెలతో పాటు కవిత్వం కూడా బేరానికి వచ్చేది. నాబిగా జుబ్యానీ అనే వృద్ధకవికి అక్కడ ఎర్రని తోలు గుడారం వేసేవారని, కవులు వచ్చి ఆయన ఎదుట చదివి తీర్పు కోరేవారని ప్రాచీన గ్రంథాలు చెబుతాయి. సోదరుని మరణంపై శోకగీతాలు చెప్పిన ఖన్సా అక్కడ తన కవిత వినిపించింది. అంధకవి ఆషా తనకంటె ముందు చదివి ఉండకపోతే ఆమెకే అగ్రస్థానం ఇచ్చేవాడినని నాబిగా అన్నాడట. అక్కడే ఉన్న హస్సాన్ బిన్ సాబిత్ తాను వారికంటె గొప్పవాడినన్నారు. అప్పుడు ఆయన కవితలోని దోషాన్ని చూపారు: తన జాతి ఔదార్యాన్ని, శౌర్యాన్ని పొగడుతూ గిన్నెలకు, ఖడ్గాలకు ఆయన వాడిన బహువచన రూపాలు అరబీ వ్యాకరణంలో కొద్ది సంఖ్యను సూచించేవి. గొప్పకు పోయి తక్కువ చేసుకున్నావన్నది ఆ విమర్శ సారాంశం. ఈ మాట నాబిగా అన్నాడని కొందరు, ఖన్సాయే అన్నదని కొందరు చెబుతారు. కథనం ఎంతవరకు చారిత్రకమో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. అయినా ఆ సమాజం ఆదర్శ శ్రోతను ఎలా ఊహించుకున్నదో ఇందులో స్పష్టంగా తెలుస్తున్నది. వినేవాడు ఒక బహువచన ప్రత్యయం దగ్గర ఆగి, ఇది సరిపోలేదని చెప్పగలిగేవాడు.

దివ్య ఖుర్‌ఆన్ 26వ అధ్యాయం పేరే ‘కవులు’. దాని చివరి ఆయతులు, 224 నుంచి 227 వరకు, కవిత్వ విషయంలో తరచు ఉదహరింపబడతాయి. కవులు ప్రతి లోయలోను దారి తప్పి తిరుగుతారని, చేయనిది చెబుతారని అక్కడ హెచ్చరిక ఉంది. విశ్వసించి, సత్కార్యాలు చేసి, దైవాన్ని అధికంగా స్మరించి, అన్యాయానికి గురైన తరువాత ఆత్మరక్షణ చేసుకునేవారికి మినహాయింపు కూడా ఉంది. సాధారణంగా మనం ఈ హెచ్చరికనూ మినహాయింపునూ చర్చించి ముగిస్తాం. కాని ఆ వాక్యక్రమాన్ని శ్రద్ధగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కవుల గురించి అక్కడ చెప్పిన మొదటి విషయం వారి వెంట నడిచేవారి సంగతి. మార్గభ్రష్టులు వారిని అనుసరిస్తారన్న తరువాతనే కవుల తీరు వర్ణింపబడింది. అంటే విమర్శ శ్రోతతో మొదలైంది. కవి ఎటువంటివాడో తెలుసుకోవాలంటే అతని వెనుక ఎవరు నడుస్తున్నారో, ఎందుకు నడుస్తున్నారో చూడాలన్న సూచన అందులో ఉన్నదని గ్రహించడం అసమంజసం కాదు.

ఇక మదీనా జీవితం చూద్దాం. ఉకాజ్‌లో దోషం చూపబడినట్లు చెప్పే ఆ హస్సాన్ (రజి) కోసమే దైవప్రవక్త (స) మస్జిదులో మింబరు ఏర్పాటు చేయించారని హదీసు గ్రంథాలలో ఉంది. కఅబ్ బిన్ జుహైర్ తన ఖసీదా వినిపించినప్పుడు ఆయనకు ప్రవక్త (స) తమ దుప్పటిని బహూకరించిన వృత్తాంతం ప్రసిద్ధమే. ఈ రెంటికంటె మన ప్రస్తుత విషయానికి దగ్గరైనది సహీహ్ ముస్లింలోని మరొక సంఘటన. షరీద్ (రజి) ఒకనాడు ప్రవక్త (స) వెనుక వాహనంపై కూర్చొని ప్రయాణం చేస్తున్నారు. ఉమయ్య బిన్ అబీసల్త్ కవిత నీకేమైనా వచ్చునా అని ప్రవక్త (స) అడిగారు. వచ్చునంటే వినిపించమన్నారు. ఒక పద్యం కాగానే ‘ఇంకా’ అన్నారు. మరొకటి కాగానే మళ్ళీ ‘ఇంకా’ అన్నారు. ఈ విధంగా నూరు పద్యాలు విన్నారు.

ఉమయ్య తాయిఫ్ వాసి. అతడు ఇస్లాం స్వీకరించలేదు. అయినా ఆ కవితలోని దైవచింతనను ప్రవక్త (స) శ్రద్ధతో విన్నారు. సభ లేదు, వేదిక లేదు, కవి కూడా ఎదుట లేడు. ఉన్నది వినే మనసు ఒక్కటే. ఇంతకు మించిన శ్రోతృధర్మం ఏ అలంకారశాస్త్రంలో దొరుకుతుంది?

ముషాయిరా మర్యాదలు

ఫారసీ సంప్రదాయం నుంచి ఉర్దూలోకి వచ్చిన ముషాయిరా ఈ శ్రోతృధర్మానికి ఒక రూపం కల్పించింది. దిల్లీ చివరి మొగలు కాలపు ముషాయిరా చిత్రాన్ని ‘దిల్లీ కీ ఆఖరీ షమా’ అన్న రచనలో మనకు ఊహించి చూపినవారు మీర్జా ఫర్హతుల్లా బేగ్. ఆయన హైదరాబాదు రాజ్యంలో ఉద్యోగం చేసినవారే కావడం దక్కను పాఠకులకు సంతోషకరం. షమా, అనగా దీపం, ఎవరి ఎదుటికి వస్తే వారు చదవాలి. సభాధ్యక్షుడు ఉంటాడు, నడిపించే నాజిమ్ ఉంటాడు. కొన్ని సభలకు ముందుగానే ఒక ‘మిస్రా తరహ్’ ఇస్తారు. కవులందరూ ఆ ఛందస్సులో, ఆ అంత్యప్రాసలో గజల్ చెప్పుకొని రావాలి. మన తెలుగు అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చే సమస్య దీనికి దగ్గర బంధువు. రెంటిలోను కవికి ఒక కట్టడి ఉంటుంది. ఆ కట్టడి ఏమిటో శ్రోతకు ముందే తెలిసి ఉంటుంది. తెలిసినవాడు కనుకనే అతడు న్యాయనిర్ణేత కాగలుగుతాడు.

గజల్ షేర్‌లో రెండు పంక్తులుంటాయి. కవి మొదటి పంక్తి చదువుతాడు. శ్రోతలు దానిని అందుకొని మళ్ళీ అంటారు. కవి తిరిగి అదే చదువుతాడు. ఈలోగా రెండవ పంక్తి ఎటు తిరుగుతుందో శ్రోత మనసులో వెదుక్కుంటాడు. కాఫియా, రదీఫ్ మత్లాలోనే తెలిసిపోయాయి కనుక చివరి మాట అతనికి తెలుసు. అక్కడికి చేరే దారి మాత్రం తెలియదు. ఆ దారి ఊహకు అందనిదై, చేరిన తరువాత ఇంతకంటె సహజమైనది లేదనిపిస్తే సభ ఒక్కసారిగా పలుకుతుంది. ఆ పలుకే ‘దాద్’. ఉర్దూలో దాద్ అంటే న్యాయం అన్న అర్థం కూడా ఉన్నది. మెచ్చుకోలును న్యాయంగా భావించిన భాష అది. ‘ఇర్షాద్’ అంటే సెలవివ్వండి, ‘ముకర్రర్’ అంటే మళ్ళీ ఒకసారి. షరీద్ (రజి) విన్న ‘ఇంకా’ అన్న మాటకు ఇవన్నీ దూరపు ప్రతిధ్వనులు.

ఈ సంప్రదాయంలోని దోషాలను దాచుకోనవసరం లేదు. పాఠంగా చదివే ‘తహ్తుల్లఫ్జ్’ కంటె రాగంతో చదివే ‘తరన్నుమ్’ సభను త్వరగా లోబరచుకుంటుంది. అందులో బలహీనమైన షేర్ కూడా నెగ్గుకు రాగలదు. దాద్‌కు అలవాటుపడ్డ కవి దాద్ వచ్చే షేర్లే చెప్పసాగుతాడు. ఒక పేరు, ఒక నినాదం, ఒక ఆవేశం చాలు, సభ లేచి నిలబడుతుంది. అది న్యాయం కాదు, సంతలోని కేక.

శ్రోతలు కవికి అన్యాయం చేసిన సందర్భాలూ ఉన్నాయి. గాలిబ్ (1797–1869) తొలికాలపు క్లిష్ట కవితను ఎగతాళి చేస్తూ హకీం ఆగాజాన్ ఐష్ ఒక ముషాయిరాలో పద్యం చదివిన సంగతి ప్రసిద్ధం. నీ మాట నీకు, దేవునికి తప్ప ఎవరికీ అర్థం కాదన్నది దాని భావం. ఆ విమర్శ న్యాయమా, అన్యాయమా? రెండూ అని చెప్పాలి. గాలిబ్ తరువాతి కాలంలో సరళమైన మాటల్లోకి వచ్చారు; కనుక సభ ఆయనకు మేలే చేసింది. కాని నాడు సభ తిరస్కరించిన షేర్లలో కొన్నింటికి నేటికీ పండితులు వ్యాఖ్యానాలు రాస్తున్నారు. కనుక సభ ఓపిక పట్టలేకపోయింది. వెంటనే అర్థం కావడం ఒక్కటే గీటురాయి అయితే వేదిక మీద తేలికపాటి కవిత్వం మాత్రమే మిగులుతుంది.

మఖ్దూం: అక్షరం రానివారి ఎదుట

ఇక దక్కనుకు వద్దాం. మంజీర సీమలోనే, నేటి సంగారెడ్డి జిల్లాకు చెందిన ఆందోల్‌లో 1908లో జన్మించిన మఖ్దూం మొహియుద్దీన్ ముషాయిరా వేదికను కొత్త శ్రోతల వద్దకు తీసుకుపోయిన కవి. ‘సుర్ఖ్ సవేరా’ 1944లో, ‘గులెతర్’ 1961లో, ‘బిసాతె రక్స్’ 1966లో వెలువడ్డాయి. చివరి సంపుటికి 1969లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే ఆయన కన్నుమూశారు. సిటీ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన ఆయన కార్మికోద్యమంలో నాయకుడయ్యారు. 1952లో హుజూర్‌నగర్ ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. ఒక ఉర్దూ కవికి తెలుగు మాట్లాడే రైతుకూలీలు ఓటు వేశారన్న విషయం సాహిత్య చరిత్రలో కూడా నమోదు కావలసినది.

విశ్వాస విషయంలోను, రాజకీయ మార్గంలోను ఆయనతో విభేదించే పాఠకులు మనలో ఎందరో ఉన్నారు. కాని ఉమయ్య కవితను వినిన ఉదాహరణ మన ఎదుట ఉన్నప్పుడు, విభేదం చెవులు మూసుకోవడానికి కారణం కారాదు. విమర్శకునిగా మఖ్దూంలో గమనించవలసింది ఒక్కటి: అక్షరం రానివారి ఎదుట చదివినా ఆయన తన కవిత స్థాయిని తగ్గించుకోలేదు. మల్లెపందిరి, రాత్రి, పూలు వంటి అందరి అనుభవంలో ఉన్న వస్తువులను తీసుకొని, వాటితోనే సూక్ష్మమైన మాట చెప్పారు. శ్రోత ఎరిగిన వస్తువుతో ఎరుగని భావాన్ని అందించడం వేదిక కోరే విద్య. ఆయనకు అది పట్టుబడింది.

అయితే ఆ కవితలు తరువాత ఎలా బ్రతికాయో చూడండి. మల్లెపందిరి కవిత 1964లో ‘చాచాచా’ చిత్రంలో పాటయింది. పూల గజల్ 1982లో ‘బాజార్’ చిత్రంలో వినిపించింది. లక్షలమంది విన్నారు, అందులో చాలామందికి కవి పేరు తెలియదు. ధ్వనిముద్రణలో కవితకు వ్యాప్తి వచ్చింది, కాని శ్రోత బదులు చెప్పే వీలు పోయింది. ‘ముకర్రర్’ అన్న మాటకు బదులు మీట నొక్కడం మిగిలింది. ఇది ఎవరి తప్పూ కాదు. అయినా వినడం ఒక పని అన్న ఎరుక మనలో సన్నగిల్లడానికి ఇదీ ఒక కారణం.

దాశరథి, నారాయణరెడ్డి: ఇటునుంచి వచ్చిన శ్రోతలు

తెలుగు వైపు నుంచి ఉర్దూను విన్నవారిలో దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) ముఖ్యులు. 1944లో ఓరుగల్లులో సారస్వత పరిషత్తు సభల పందిరిని దుండగులు తగులబెట్టినా అక్కడ కవి సమ్మేళనం ఆగలేదు. అందులో దాశరథి కవిత చదివారు. తరువాత నిజాం ప్రభుత్వం ఆయనను నిజామాబాదు కోటలోని జైలులో ఉంచింది. పళ్ళు తోముకొనేందుకు ఇచ్చిన బొగ్గుతో ఆయన గోడల మీద పద్యాలు రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటి సహఖైదీలు వాటి మొదటి పాఠకులు, శ్రోతలు. బాన్సువాడ ఆనాడు ఆ జిల్లాలోనిదే.

ఈ ప్రభుత్వాన్ని ఇంత తీవ్రంగా ఎదిరించిన కవి, ఆ ప్రభుత్వపు భాషను ద్వేషించి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడేవారు కారు. కాని ఆయన 1961లో ‘గాలిబ్ గీతాలు’ ప్రచురించారు. పాలకుడు వేరు, భాష వేరు అన్న వివేకం అది. నిజాం పాలన గురించి మాట్లాడేటప్పుడు ఉర్దూను, ఉర్దూ మాట్లాడే వారందరినీ ఒకే గాటన కట్టేవారికి దాశరథి జీవితమే సమాధానం. ఆయన పోరాటం గురించి వినగానే ముఖం తిప్పుకొనే ముస్లింలకు కూడా అదే సమాధానం.

ఇక అనువాదం విషయం. ఆయన గాలిబ్ షేర్లను చిన్న చిన్న తెలుగు పద్యాలుగా చేశారు. అవి తెలుగులో హాయిగా నిలిచాయి, జనం నోట పడ్డాయి. అయినా మూలంలో రెండు పంక్తుల నడుమ ఉన్న ఆ నిరీక్షణ, ముషాయిరాలో సభ ఊపిరి బిగబట్టే ఆ క్షణం, పద్యంలో కరిగిపోయింది. దీనికి కారణం అనువాదకుని లోపం కాదు, రెండు భాషల చెవులలోని భేదం. తెలుగు పద్యంలో యతి, ప్రాస నియమాలున్నాయి. ప్రాస పాదంలోని రెండవ అక్షరం మీద పడుతుంది. అంటే తెలుగు చెవి పాదం మొదట్లోనే మేలుకొని ఉంటుంది. ఉర్దూ చెవి పంక్తి చివరి కోసం కాచుకొని ఉంటుంది. అంత్యప్రాస తెలుగులో ఉన్నా అది పద్యానికి ప్రాణం కాదు. అందువల్ల తెలుగు శ్రోత పద్యం ముగిశాక ఆనందిస్తాడు. ఉర్దూ శ్రోత పద్యాన్ని కవితో పాటు తానూ ముగిస్తాడు.

ఈ రహస్యాన్ని గ్రహించినవారు సి. నారాయణరెడ్డి (1931–2017). ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఈ జ్ఞానపీఠ కవి తెలుగులో గజళ్ళు రాసి, వేదికలపై స్వయంగా పాడి వినిపించారు. ఉర్దూ వలెనే తెలుగులోను క్రియ వాక్యం చివర వస్తుంది. కనుక రదీఫ్‌గా ఒక క్రియారూపాన్ని నిలపడం తెలుగుకు సహజంగా అమరుతుంది. వ్యాకరణంలోనే ఉన్న ఈ చుట్టరికాన్ని ఆయన వాడుకున్నారు. రదీఫ్ వచ్చేసరికి తెలుగు సభ కూడా గొంతు కలపడం నేర్చుకుంది. గంభీరమైన చింతనకు బదులు కొన్నిచోట్ల సూక్తులు మిగిలాయన్న విమర్శ ఉన్నా, తెలుగు శ్రోతకు ఆయన కొత్త చెవి ఇచ్చారన్నది కాదనలేం.

నేటి తెలుగు ముస్లిం కవి

ముస్లింలు తెలుగులో కవిత్వం రాయడం నిన్నమొన్నటిది కాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) పద్యంలో, నాటకంలో ప్రసిద్ధులు. ఆయన భాష నాటి తెలుగు పండితుల భాషే. సభకు ఆయన మాట విప్పి చెప్పవలసిన అవసరం లేకపోయింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తోను, 1998లో స్కైబాబా సంపాదకత్వంలో వెలువడిన ‘జల్‌జలా’ సంకలనంతోను, 2005లో షాజహానా ‘నఖాబ్’తోను పరిస్థితి మారింది. ముస్లిం ఇల్లు, ముస్లిం వీధి, ముస్లిం స్త్రీ గుండెలోని మాట తెలుగు వచన కవితలోకి వచ్చాయి. వాటితో పాటు ఇంటి ఉర్దూ కూడా తెలుగు లిపిలోకి వచ్చింది. ఉకాజ్‌లో ఖన్సాను విన్న సంప్రదాయం మనది. స్త్రీ తన మాట తానే చదివితే కలవరపడవలసిన పని మనకు లేదు. ఆమె మాటతో ఏకీభవించనివారు కూడా మొదట విని, తరువాత బదులు చెప్పవచ్చు.

ఈ కవులు సాహిత్య సభల్లో చదివేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది మాట. దస్తర్‌ఖాన్, జనాజా, ఇద్దత్ వంటి పదాలు ఎదుట కూర్చున్న తెలుగు శ్రోతలలో చాలామందికి తెలియవు. పుస్తకంలో అయితే అట్టడుగున అర్థం ఇవ్వవచ్చు. వేదిక మీద కవి మాటమాటకూ ఆగి అర్థం చెబితే కవిత పాఠమైపోతుంది. చెప్పకపోతే సగం సభ బయటే ఉండిపోతుంది. మంచి కవి దీనికి మార్గం కవితలోనే చూసుకుంటాడు. దస్తర్‌ఖాన్ అన్న మాట పక్కనే దానిని పరిచే చేతులు, చుట్టూ చేరే పిల్లలు, వడ్డించే పళ్ళెం కనిపిస్తే అర్థం అడిగేవాడు ఉండడు. మఖ్దూం మల్లెపందిరి నేర్పే పాఠం ఇదే.

రెండవ చిక్కు మరింత సున్నితమైనది. వచన కవితలో కాఫియా లేదు, యతిప్రాసలు లేవు. శ్రోత నిలిచి ఎదురుచూసే గట్టు ఏదీ కవి అతనికి ఇవ్వడు. అప్పుడు విషయ తీవ్రత ఒక్కటే సభను పట్టి నిలపాలి. బాధ చెప్పినప్పుడు సభ మౌనం వహిస్తుంది, ఆపైన చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు కవితకా, కవి బాధకా? బాధకే అయితే అది సానుభూతి. మనిషికి అవసరమే, కాని కవికి చాలదు. ముస్లిం కవి వచ్చి గాయాన్ని చూపడం, సభ తలలు దించుకోవడం, అంతటితో ఉభయులూ తమ పని అయిపోయిందనుకోవడం ఒక ఆనవాయితీగా మారే ప్రమాదం ఉంది. హస్సాన్‌కు ఒక బహువచనం దగ్గర చూపిన గౌరవం ఈ కవులకు కూడా చూపాలి. ఈ పంక్తి బాగుంది, ఇది సడలింది, ఈ పోలిక ఇదివరకు వచ్చిందని చెప్పేవాడే వారిని కవులుగా గుర్తించినవాడు.

ఆ శ్రోత ఎవరు? తెలుగూ ఉర్దూ రెండూ ఎరిగి, ఆ ఇంటి మాట లోతూ ఆ తెలుగు వాక్యం నడకా రెండూ పోల్చుకోగలవాడు. అంటే బాన్సువాడ వంటి ఊళ్ళలో పెరుగుతున్న మన యువకుడు. ఆ పనికి అతనికంటె అర్హుడు లేడు. దురదృష్టవశాత్తు ఆ సభలో కనిపించనిది కూడా అతడే.

చేయవలసినది

దీనికి పెద్ద సంస్థలు, పెద్ద నిధులు అక్కరలేదు. ముషాయిరా జరిగే చోట ప్రతి కవి చదివే గజల్‌లోని ఒకటి రెండు షేర్లకైనా ముందుగా తెలుగు లిపిలో పాఠం, సులభమైన తెలుగులో తాత్పర్యం సిద్ధం చేసి శ్రోతల చేతికివ్వవచ్చు. ఆ వేదిక మీదనే ఇద్దరు తెలుగు కవులను కూడా పిలిచి చదివించవచ్చు. కవి సమ్మేళనాలు జరిపేవారు కవుల సంఖ్య తగ్గించి, ఒక్కొక్కరికి తగిన సమయమిచ్చి, నచ్చిన పంక్తిని మళ్ళీ చదివించుకొనే మర్యాదను పాటించవచ్చు. పదిహేను మంది చదివిన సభలో ఒక్క పంక్తి కూడా గుర్తు లేకుండా ఇంటికి వెళ్ళడం కంటె, ముగ్గురిని విని మూడు పంక్తులు వెంట తీసుకువెళ్ళడం మేలు. ఇళ్ళల్లో పెద్దలు పిల్లలకు ఉర్దూ లిపి నేర్పడంతో పాటు, బడిలో వారు చదివే తెలుగు పద్యాన్ని తమకు వినిపించమని అడగాలి. పిల్లవాడు వేమన పద్యం చదివితే ‘ముకర్రర్’ అనే తండ్రి ఆ ఇంటిలో రెండు సాహిత్యాలకూ ఒకేసారి తలుపు తీసినవాడవుతాడు.

అన్నిటికంటె ముఖ్యం, అర్థం కానిచోట ‘వాహ్ వా’ అనకుండా ఉండే నిజాయితీ. దాద్ అంటే న్యాయమని ఇంతకుముందే చెప్పుకున్నాం. సాక్ష్యం తెలియనివాడు తీర్పు చెప్పరాదు. తెలియనప్పుడు పక్కవాని భుజం తట్టి ఈ మాటకు అర్థమేమిటని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ముషాయిరాలో అలా అడిగినవాడే వచ్చే ఏడు ఆ సభలో అసలైన శ్రోత అవుతాడు.